పర్రలో తెడ్డుమూతి కొంగ

నాలుగో రోజు పొద్దున్న నాకు మైల విడిచింది. అన్నయ్యకి పదో రోజు దాకా ఉంటుంది. పెళ్ళయి గోత్రం మారిన కూతురికి తండ్రి పోతే మూడు రోజులే. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వేదం చెప్పుకునే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇలాంటివి ఎవరూ కూర్చోబెట్టి నేర్పనక్కర్లేదు. కానీ తెలిసి ఉండడం వేరు. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి గుమ్మానికి అవతల నిలబడి, "లేవే, నీకు విడిచింది. తలారా స్నానం చేసి బయల్దేరు. ఇహ వాళ్ళని ముట్టుకోకు," అనడం వేరు.

నూతి దగ్గర స్నానం చేశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయని తెలిసింది, అంతే. వణుకు రాలేదు. చీర మార్చుకుని వసారాలోకి వస్తే అన్నయ్య చాప మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి, కళ్ళు వాచి, చూడగానే తండ్రి పోయినవాడని ఎవరైనా చెప్పేట్టు ఉన్నాడు. నన్ను చూస్తే ఎవరూ చెప్పలేరు. మూడు రోజుల్లో నాకు ఒక్క చుక్క కన్నీళ్ళు రాలేదు. ఆపుకున్నానని కాదు. రాలేదు. వచ్చినవాళ్ళు నన్ను పట్టుకుని ఏడిచారు, నేను వాళ్ళ వీపు నిమిరాను. "గట్టి మనిషి," అనుకున్నారు. నేను గట్టి మనిషిని కాదు. సీరియల్లో కుక్కపిల్ల తప్పిపోయినా ముక్కు చీదేదాన్ని.

నాకిచ్చిన మూడు రోజులూ వాడుకోకుండానే అయిపోయాయి. ఇక ముందు ఏడుపు వస్తుందన్న నమ్మకం కూడా లేదు. తండ్రి పోతే ఏమీ అనిపించని మనిషిగా మిగిలిపోతానా అని భయం వేసింది. ఆ భయం కూడా పక్కింటివాళ్ళది విన్నట్టే ఉంది.

నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఏటా జనవరిలో ఒక వారం నీటిపక్షుల్ని లెక్కపెట్టే పని ఉంటుంది. ఎవరి ప్రాంతంలో వాళ్ళు ఆ వారంలోనే లెక్కపెట్టి, ఆ లెక్కని పైన అన్నీ కూడగట్టేవాళ్ళకి పంపాలి. ముమ్మిడివరం దాటాక సముద్రం వైపున్న పర్ర నా వంతు. పర్ర అంటే పోటుకి ఉప్పునీళ్ళు ఎక్కి, ఆటుకి బురద తేలే చిత్తడి నేల. ఆ ఏడాది వారం ఆ రోజుతో అయిపోతుంది. నాన్నగారు పోయారని ఫోను వచ్చిన రోజు ఇంట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే బయల్దేరాను కాబట్టి, ముందే సర్దిపెట్టుకున్న రిజిస్టరూ బైనాక్యులర్సూ స్కూటీ డిక్కీలోనే ఉండిపోయాయి.

"పర్రకి వెళ్ళొస్తాను," అన్నాను అన్నయ్యతో.

"ఇవాళా?"

"ఇవాళే ఆఖరు."

"వెళ్ళు. నీకేం, శుద్ధే కదా," అన్నాడు. దెప్పాలని అనలేదు. ఉన్నమాటే అన్నాడు. పదో రోజున మళ్ళీ వస్తానని చెప్పి, ఎవరినీ ముట్టుకోకుండా గోడవారగా నడిచి బయటికొచ్చాను.

ఎనిమిది శీతాకాలాలుగా ఈ పనికి నాన్నగారు నా వెంట వచ్చేవారు. పిట్టల మీద ప్రేమతో కాదు. మొదటి ఏడాది నేను ఒక్కదాన్నే దోనె మాట్లాడుకున్నానని తెలిసి, "మగదిక్కు లేకుండా ఆ నీళ్ళలోకి ఏం వెళ్తావు?" అని పంచె ఎగ్గట్టి బయల్దేరారు. అప్పటికి నాకు నలభై నాలుగు. మా పెద్దవాడు ఇంజనీరింగులో చేరాడు. మగదిక్కుకి డెబ్భై దాటాయి, ఈత రాదు. అయినా వచ్చి దోనె మధ్యలో పీట వేసుకుని, గొడుగు వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబెడు నీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఊరికే కూర్చోబెడితే నిమిషానికోసారి "అయిందా?" అంటారని రిజిస్టరు చేతికిచ్చాను. నేను ముందు కూర్చుని చూసి చెప్పడం, ఆయన వెనక కూర్చుని రాయడం. ప్రతి పేజీ పైనా శ్రీకారం చుట్టి మొదలుపెట్టేవారు. దస్తూరి ముత్యాల్లా ఉండేది. తర్వాత ఏటా నేను పిలవకముందే ఆయనే గుర్తుచేసేవారు.

ఫోను చేసి చెప్పాను కాబట్టి రేవులో దోనె సిద్ధంగా ఉంది. దోనె నడిపే అతను కువైట్‌లో కొన్నాళ్ళు డ్రైవరు చేసి తిరిగొచ్చి, ఇప్పుడు పీతల వలలు వేస్తాడు. ఎనిమిదేళ్ళూ మమ్మల్ని తిప్పింది అతనే. నన్ను చూసి, నా వెనక దారిలోకి చూశాడు.

"అయ్యగారు రాలేదాండీ?"

"రాలేదు," అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందాండీ?"

నేను దోనె ఎక్కుతూ ఏదో గొణిగాను. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. చెబితే అతను అయ్యో అంటాడు, నేను మళ్ళీ మొహం ఒకలా పెట్టుకోవాలి. మూడు రోజులు పెట్టుకుని ఉన్న మొహం. ఒక పూట దాన్ని దించి పక్కన పెడదామనిపించింది. అతను ఆయ్ అని గెడ వేసి దోనెని తోశాడు.

మధ్యాహ్నం రెండింటికి ఆటు మొదలైంది. నీరు లాగేసిన చోటల్లా బురద మెరుస్తోంది. ఒకవైపు మడచెట్లు, రెండో వైపు రొయ్యల చెరువుల గట్లు, ఆ చెరువుల్లో గిరగిరా తిరుగుతున్న ఏరేటర్ల చప్పుడు. ఎండ పల్చగా ఉంది. వలస వచ్చిన ఉల్లంకులు బురదలో ముక్కులు దించి కుట్టుమిషను సూదిలా పొడుచుకుంటూ పోతున్నాయి. నారాయణపక్షి ఒకటి మెడ కుదించుకుని, ఎవరితోనూ పని లేనట్టు నిలబడి ఉంది. దాన్ని చూస్తే ఏటా నాకు మా ప్రిన్సిపాలు గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఆ రోజు నారాయణపక్షి, ఒకటి, అని రాసుకున్నాను.

నిజం చెప్పాలంటే నేను అంత బాగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మనసు ఎటూ పోలేదు. నీటికాకులు కొయ్యల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, ఇరవై ఏడు. చిన్న కొంగలు, అరవై మూడు. లకుముకులు నాలుగు. ఒకచోట నీటికుక్క నీళ్ళలోంచి తల ఎత్తి, నోట్లో చేప పెట్టుకుని, దోనె కేసి సూటిగా చూసింది. ఎనిమిదేళ్ళలో నీటికుక్క కనపడడం అదే మొదలు. మరో ఏడాదైతే చప్పట్లు కొట్టి దాన్ని బెదరగొట్టేదాన్ని. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను, అది మునిగిపోయింది. పేజీ చివర రాసి టైము వేశాను.

మలుపు తిరిగాక బాతుల గుంపు కనపడింది. సూదితోక బాతులు. గుంపు పెద్దదైతే ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టలేం. పదింటిని కంటితో విడదీసి, అలాంటి పదులు ఎన్నున్నాయో చూస్తాం. అందుకే పెద్ద గుంపుల అంకెలు సున్నతో ఆగుతాయి. చూసి, అలవాటు కొద్దీ పైకే అన్నాను. "సూదితోక బాతులు, రెండొందలు."

వెనక నుంచి నవ్వు వినపడింది. "రెండొందల పదహారాండీ?"

"కాదు, రెండొందలే."

"ఆయ్. అయ్యగారైతే పదహారు కలుపుతారండి."

నేను బైనాక్యులర్స్ దించి అతనికేసి తిరిగాను. "ఏం కలుపుతారు?"

అతను కొంచెం తడబడ్డాడు. కానీ నా మొహంలో కోపం కనపడక ధైర్యం వచ్చినట్టుంది. "మీరు వందంటారు కదండీ. అయ్యగారు నా వైపు తిరిగి మెల్లిగా, 'ఒరేయ్ అబ్బాయ్, అమ్మాయి సున్నతో ఆపుతోందిరా, సున్నతో ఆపితే వృద్ధి ఏం ఉంటుంది, పాపం అంత దూరం నుంచి వచ్చిన ప్రాణులు' అని, నూటపదహారు ఏసేవారండి. యాభై అంటే యాభై ఒకటి. మీకు చెప్పొద్దనేవారు."

రిజిస్టరు వెనక్కి తిప్పాను. నూటపదహారు. మూడొందల పదహారు. యాభై ఒకటి. మళ్ళీ నూటపదహారు. ఎనిమిదేళ్ళ శ్రీకారాల కింద, ముత్యాల్లాంటి దస్తూరిలో, మా పర్ర మీద వాలిన ప్రతి గుంపుకీ నాన్నగారు సంభావన ఇచ్చుకుంటూ పోయారు. ఆ అంకెల్ని ఏటా ఇంటికి వెళ్ళి కంప్యూటర్లో ఎక్కించింది నేనే. నేను చెప్పిందే కాగితం మీద ఉందనుకున్నాను. ఒక్క లేబులు తప్పు పెడితే పిల్లల రికార్డులు విసిరికొట్టే మనిషిని, ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అనుమానపడలేదు. పైపెచ్చు, లెక్కలు కూడగట్టే చోటి నుంచి ఒక ఏడాది మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. అందరూ గుండుగుత్తగా వేస్తారు, మీ అంకెలు మాత్రం ఎంతో కచ్చితంగా ఉంటాయి, అని. దాన్ని నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మరి? శ్రద్ధగా చేస్తున్నాం కదా," అన్నారు.

కోపం రావాలి. ఒక వారం కిందటైతే దోనె ఊగిపోయేట్టు అరిచి ఉండేదాన్ని. కోపం ఉండాల్సిన చోటు తెలుస్తోంది, అక్కడ ఏమీ లేదు. పన్ను పీకించుకున్నాక నాలుక అక్కడికే పోతున్నట్టు, మళ్ళీ మళ్ళీ ఆ పేజీలే తిప్పాను.

"అయ్యగారికి నేను చెప్పేనని చెప్పకండేం," అన్నాడతను. కొంతసేపు గెడ వేసి, ఉండబట్టలేక మళ్ళీ తనే అన్నాడు. "ఆ గరిటముక్కు కొంగ సంగతైతే అసలు చెప్పకండి."

"ఏ సంగతి?"

"మీకు తెలీదాండీ అదైనా?"

గరిటముక్కు అని అతను అంటున్నది తెడ్డుమూతి కొంగ. తెల్లటి పెద్ద కొంగ, ముక్కు చివర తెడ్డులా వెడల్పుగా ఉంటుంది. రిజిస్టరులో పెట్టుకునే, పైవాళ్ళు పంపే కాగితంలో పక్షుల పేర్లు అచ్చువేసి ఉంటాయి, ప్రతి పేరు ఎదుటా అంకె వేయాలి. కనపడకపోతే సున్న వేయాలి. మా పర్రలో తెడ్డుమూతి కొంగ ఏటా ఒకటి ఉంటుంది. ఎనిమిదేళ్ళూ ఒకటే. నాకు మాత్రం ఎప్పుడూ కనపడలేదు. నేను "తెడ్డుమూతి లేదు," అనేదాన్ని. ఇంటికెళ్ళి చూస్తే కాగితం మీద ఒకటి ఉండేది. నాన్నగారికి దూరపు చూపు బాగా ఆనేది. అన్ని తెల్లకొంగల మధ్యలో నాకు ఆననిది ఆయనకి ఆని ఉంటుందనుకున్నాను. పిల్లలకి క్లాసులో కూడా చెప్పాను, మన పర్రకి ఏటా తప్పకుండా ఒంటరిగా వచ్చే పక్షి ఒకటుందని. పైవాళ్ళు ఏటా అడుగుతారు, ఆ ఒంటరిది ఈసారీ వచ్చిందా అని.

"మీరు లేదంటారు కదండీ," అన్నాడతను. "అయ్యగారు కలం పట్టుకుని కూచుంటారు. 'లేదని ఎలా రాస్తాంరా, వచ్చే దారిలో ఉందేమో' అని ఒకటేసేవారండి. ఎప్పుడూ అంతే."

మా ఇంట్లో లేదనే మాట అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. చేటలో గింజ లేకపోయినా, ఒత్తి మసిబారిపోయినా అంతే. చిన్నప్పుడు నేను "పప్పు లేదు నాన్నగారూ" అన్నందుకు మొట్టికాయ తిన్నాను. ఈ మూడు రోజులూ అంతే జరిగింది. కాలం చేశారు, వైకుంఠానికి వెళ్ళారు, దైవంలో కలిశారు, మీలోనే ఉన్నారు. అందరూ చాలా ఓర్పుగా, చాలా మర్యాదగా చెప్పారు. నేను తల ఊపాను. ఎవరి గురించి చెబుతున్నారో నాకు పట్టుబడలేదు.

మూడున్నర అయింది. మా వంతు పర్ర అంతా తిరిగేశాం. కాగితంలో అన్ని గడులూ నిండాయి, తెడ్డుమూతి కొంగది తప్ప.

"మడచెట్ల వెనక్కి ఇంకోసారి పోనియ్," అన్నాను.

అతను పోనిచ్చాడు. అక్కడ తెల్లకొంగలు ముప్ఫై దాకా ఉన్నాయి. ఒక్కొక్కదాని ముక్కూ చూశాను. అన్నీ సన్న ముక్కులే. ఒకటి తల రెక్క కింద దాచుకుని ఉంది. అది తల తీసేదాకా ఆగాను. చాలాసేపు తీయలేదు. తీశాక మామూలు కొంగే.

"జమ్ము దగ్గర చూద్దాం."

"ఆటు లాగేస్తందండి, దోనె బురదలో కూచుండిపోద్దండి."

"చూసొచ్చేద్దాం."

జమ్ము దగ్గర కూడా లేదు. చెరువుగట్ల పక్కనా చూశాం. నేనేం చేస్తున్నానో నాకు తెలుస్తూనే ఉంది. ఎన్నడూ లేని పక్షిని, లేదని ఇప్పుడే రుజువైన పక్షిని, ఈ ఒక్క సాయంత్రం నిజంగా వచ్చి వాలమని వెతుకుతున్నాను. జువాలజీలో పీజీ చేసిన మనిషిని. అది వస్తే ఆ గడిలో ఒకటి వేస్తాను. ఎనిమిదేళ్ళ కాగితాల మీదా నాన్నగారి చేతిరాత అలాగే ఉంటుంది. ఇంకా ఆయన వెనకే పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది. చేతులు లాగేదాకా బైనాక్యులర్స్ పట్టుకున్నాను. కళ్ళు మంట పుట్టాయి.

అతను గెడ బురదలో గుచ్చి ఆగాడు. నా అవస్థ చూసి జాలేసినట్టుంది. "ఒకటేసెయ్యండి మేడంగారూ. నేను చూసేనని రాసుకోండి. ఎవరడుగుతారండి?"

ఎవరూ అడగరు. ఎనిమిదేళ్ళూ ఎవరూ అడగలేదు. పాత లెక్కలన్నీ తప్పని నేనే రాసి పంపితే తప్ప ఎవరికీ ఎప్పటికీ తెలియదు. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకున్నాను. నాన్నగారు ఉంటే వేసేవారు, వెయ్యనిచ్చేదాన్ని. కానీ కలం ఇప్పుడు నా చేతిలో ఉంది. నాకు కనపడలేదు. తెడ్డుమూతి కొంగ ఎదుట గడిలో సున్న చుట్టాను.

అతను వెనక నుంచి తొంగి చూశాడు. "సున్నేసేరాండీ! అయ్యగారు చూస్తే ఊరుకోరండి."

"చూడరు," అన్నాను. "నాన్నగారు లేరు. మొన్న ఆదివారం పోయారు."

లేరు అన్న మాట ఆ నాలుగు రోజుల్లో నా నోటి నుంచి రావడం అదే మొదలు. గొంతు మామూలుగానే ఉంది, అంకెలు చెప్పినట్టే చెప్పాను. అతను నాకేసి చూశాడు, రిజిస్టరు కేసి చూశాడు, ఖాళీగా ఉన్న పీట కేసి చూశాడు. ఎనిమిదేళ్ళ అలవాటు కొద్దీ ఆ పీట ఆ రోజు కూడా వేసే ఉంచాడు.

"మరి నేనింతసేపూ ఆయన మీద చాడీలు చెప్తన్నానేంటండీ," అన్నాడు. "ముందే చెప్పొచ్చు కదండీ. ఆయనకి చెప్పొద్దంటన్నాను నేను." తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి అడ్డం తీసేసి, దాచుకోకుండానే భోరుమన్నాడు.

మూడు రోజులుగా మనుషులు ఏడవడం చూస్తూనే ఉన్నాను. ఇతను మాకేమీ కాడు. ఇతనికి మైల పట్టదు, విడవదు. నీకిన్ని రోజులని ఇతనికి ఎవరూ చెప్పలేదు. ఏటా ఒక్క పూట దోనె నడిపాడు, నాన్నగారు మెల్లిగా అన్నవన్నీ విన్నాడు. నాకు వినపడకుండా అన్నవన్నీ. ఎనిమిదేళ్ళూ నేను ముందుకి చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారైనా వెనక్కి తిరిగి ఆయన ఏం రాస్తున్నారో చూడలేదు.

అప్పుడు వచ్చింది. కళ్ళలో కాదు, ముందు మాటలో వచ్చింది. "నాన్నగారూ, ఎంత పని చేశారండీ," అన్నాను, వెనక్కి తిరిగి, పీట కేసి చూస్తూ. అది తిట్టు కిందే మొదలైంది. మధ్యలో ఎక్కడో మారిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. నీళ్ళు లాగేసిన పర్ర మధ్యలో, చెరో కొసన కూర్చుని ఇద్దరం గట్టిగా ఏడ్చాం. ఆ గోలకి అవతలి బురదలో మేస్తున్న ఉల్లంకులూ బాతులూ కొంగలూ అన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పోనీ అనుకున్నాను. లెక్క అప్పటికే అయిపోయింది.